79 ఏళ్ళ నాన్నగారికి రోజుకు 13 మాత్రలు: తగ్గించవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 79 ఏళ్ళు. షుగరు, బీపీ, ప్రోస్టేటు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ముగ్గురు డాక్టర్లు రాసినవి కలిపి రోజుకు 13 మాత్రలు. నెలలో రెండుసార్లు తూలి పడ్డారు, పగలు కూడా మగతగా ఉంటున్నారు. పెద్ద మాత్రలు గొంతు దిగక అమ్మగారు పొడి చేసి ఇస్తున్నారు. వాళ్ళిద్దరూ తణుకులో, మీరు పుణెలో. ఇన్ని మందులు అవసరమా, తగ్గించవచ్చా, పొడి చేస్తే ఫర్వాలేదా అన్నారు.

ముందు సూటిగా చెబుతాను. తగ్గించవచ్చు. ఈ వయసులో చాలామందికి తగ్గించాలి కూడా. కానీ మీ అంతట మీరు ఆపకండి, అన్నీ ఒకేసారి ఆపకండి. రెండుసార్లు పడటమంటే మందులన్నీ మళ్ళీ చూడాల్సిన సమయం వచ్చిందని అర్థం. వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు, ఈ వారమే చూపించండి. పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎల్ అని ఉన్న మాత్రల్ని మాత్రం ఈ రోజు నుంచే పొడి చేయొద్దని అమ్మగారికి ఫోన్ చేసి చెప్పండి. కారణం కింద రాశాను.

ఇంకో మాట. పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలిందేమో అడగండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, పైకి ఏమీ కనిపించకపోయినా డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్ళలో తల లోపల రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతూ ఉండవచ్చు. మగతకు అది కూడా కారణం కావచ్చు.

నేను కాకినాడలో 24 ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగానికి పైగా 65 దాటినవాళ్ళే. ఇన్నేళ్ళలో నాకు బాగా బోధపడింది ఇది: పెద్దవాళ్ళకు కొత్తగా ఏ బాధ మొదలైనా ముందు వాడుతున్న మందుల్ని అనుమానించాలి, ఆ తర్వాతే కొత్త జబ్బును. తూలడం, మగత, మతిమరుపు, కాళ్ళ వాపు, మూత్రం ఆగకపోవడం, చేతులు వణకడం, ఆకలి లేకపోవడం, వీటన్నిటినీ "వయసు కదా" అని వదిలేస్తాం. చాలాసార్లు కారణం మందుల డబ్బాలోనే ఉంటుంది.

ఎందుకలా జరుగుతుందో ఒక కేసుతో చెబుతాను. ఒక పెద్దావిడ, 80 ఏళ్ళు, 45 కిలోలు. అరికాళ్ళ మంటలకు ప్రీగాబాలిన్ రోజుకు 300 మిల్లీగ్రాములు వాడుతున్నారు. మూడు నెలలుగా పగలంతా నిద్ర, మనుషుల్ని సరిగ్గా గుర్తుపట్టడం లేదు. మతిమరుపు జబ్బని ఇంట్లోవాళ్ళు దాదాపు ఖాయం చేసుకున్నారు. కిడ్నీ పనితీరు చూడటానికి చేసే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.1, ల్యాబు కాగితం ప్రకారం నార్మల్. కానీ క్రియాటినిన్ తయారయ్యేది కండరంలో. కండ కరిగిపోయిన ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ, అందుకని కిడ్నీ బాగా మందగించినా రిపోర్టు చక్కగా కనిపిస్తుంది. కిడ్నీ నిజంగా ఎంత పనిచేస్తోందో అంచనా వేయడానికి 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ఉంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, 72ను క్రియాటినిన్‌తో హెచ్చవేస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. ఆడవాళ్ళయితే మళ్ళీ 0.85తో హెచ్చవేయాలి. ఆవిడకు వచ్చింది 29. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ మనిషికి ఇది 100 దాకా ఉంటుంది. ప్రీగాబాలిన్ ఒంట్లోంచి పోయేదే కిడ్నీ గుండా. ఆ కిడ్నీకి, ఆ మోతాదులో నాలుగో వంతు చాలు. రెండు వారాల్లో మెల్లగా తగ్గించాం. మనవరాలి పేరు పెట్టి పిలిచారని కొడుకు ఫోన్ చేశాడు.

కిడ్నీ ఒక్కటే కాదు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి పాళ్ళు తగ్గి కొవ్వు పాళ్ళు పెరుగుతాయి. డయజెపామ్ లాంటి కొవ్వులో కరిగే మందులు అక్కడ తిష్ఠ వేసుకుని రోజుల తరబడి పనిచేస్తూనే ఉంటాయి. మెదడు కూడా తక్కువ మోతాదుకే మత్తెక్కుతుంది. మందుల పరీక్షలు మాత్రం ఎక్కువగా వయసులో ఉన్నవాళ్ళ మీదే జరుగుతూ వచ్చాయి. పెద్దవాళ్ళ మీద కూడా పరీక్షించాలని 1993లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. అయినా నాలుగు జబ్బులున్న 80 ఏళ్ళ మనిషిని పరీక్షల్లోకి తీసుకోవడం ఇప్పటికీ తక్కువే. చీటీలో రాసే మోతాదు చాలావరకు 50 ఏళ్ళ మనిషికి సరిపోయేదని గుర్తుంచుకోండి.

పెద్దవాళ్ళకు ఏ మందులు ప్రమాదమో జాబితాలున్నాయి. అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు 1991లో మొదలుపెట్టిన బీర్స్ జాబితా ఒకటి, ఐర్లాండ్ డాక్టర్లు 2008లో తెచ్చిన స్టాప్-స్టార్ట్ ఇంకొకటి. రెండింటినీ 2023లో కొత్తగా సవరించారు. ఇవి డాక్టర్ల కోసం రాసినవి. ఇంటర్నెట్టులో చూసి మీరే కొట్టివేతలు మొదలుపెట్టకండి. డాక్టరును ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

ఇక నాన్నగారి సంగతి. మందుల పేర్లు మీరు రాయలేదు, కానీ ఈ నాలుగు జబ్బులకు మన దగ్గర ఏం రాస్తారో తెలుసు కాబట్టి, నేనైతే ముందు ఎక్కడ వెతుకుతానో చెబుతాను.

నిద్రమాత్ర ఉందా? అల్‌ప్రాజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్. ఎవరో ఎప్పుడో పది రోజులకని రాసి ఉంటారు, అది పదేళ్ళు నడుస్తుంది. రాత్రి బాత్రూముకి లేచి తూలి పడటానికి, పగటి మగతకు నేను మొదట అనుమానించేది దీన్నే. అయితే దీన్ని హఠాత్తుగా ఆపితే ఆందోళన, అసలు నిద్రే పట్టకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ప్రోస్టేటు మాత్ర, బీపీ మాత్ర కలిసి ఏం చేస్తున్నాయి? టామ్సులోసిన్, ప్రాజోసిన్ లాంటివి నిలబడగానే బీపీని కిందికి లాగుతాయి. క్లినిక్‌లో కూర్చోబెట్టి చూస్తే 140 ఉంటుంది, అందరూ సంతోషిస్తారు. అమ్మగారిని ఇంట్లో ఇలా చేయమనండి: పడుకోబెట్టి ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడాలి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ పడిపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈ మూడు రీడింగులు లేకుండా పెద్దవాళ్ళ బీపీ మందు పెంచడం నాకు ఇష్టం ఉండదు.

షుగరు మరీ బాగుందా? వింతగా ఉన్నా ఈ ప్రశ్న అడగాలి. ఒక కార్తీక సోమవారం సాయంత్రం నాలుగింటికి 76 ఏళ్ళ ఆవిడను పక్షవాతం వచ్చిందని ఆటోలో తెచ్చారు. చీర చెమటతో తడిసిపోయింది, మాట ముద్దగా ఉంది, చేతిలో గంధం పూసిన పత్తి ఒత్తులు అలాగే పట్టుకుని ఉన్నారు. ఉపవాసం, నక్షత్రం చూశాకే భోజనం. "మందు మాత్రం మానకూడదు కదా" అని పొద్దున కాఫీతో గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర వేసుకున్నారు. షుగరు 38. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక పది నిమిషాల్లో మాట వచ్చింది. ఈ మందుతో షుగరు మళ్ళీ మళ్ళీ పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఉంచుకున్నాం. ఆవిడ మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 6.1 శాతం. ఇంట్లో అదొక గొప్పగా చెప్పుకునేవారు. నాలుగు జబ్బులున్న ఆ వయసులో 8 దాకా ఉన్నా నాకు ఫర్వాలేదు. 38కి పడిపోవడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ అయితే ఇంకా ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, నాన్నగారి డబ్బాలో అది ఉంటే తప్పకుండా అడగండి. ఉపవాసాలు చేసే ఇంట్లో ఆ రోజు ఏ మాత్ర వేసుకోవాలో, ఏది మానాలో ముందే రాయించి పెట్టుకోండి.

మోకాళ్ళ నొప్పికి ఏం వాడుతున్నారు? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు చీటీ లేకుండానే షాపులో ఇచ్చేస్తారు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, నీరు తీసే మాత్ర, ఈ నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినడానికి వారం కూడా పట్టకపోవచ్చు. ఎండాకాలం విరేచనాలు తోడైతే మరీనూ. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, పైపూతలు, తొడ కండరాలకు వ్యాయామం, వీటితో చాలామందికి గడిచిపోతుంది.

జలుబు మాత్రల గురించి కూడా గట్టిగా చెప్పాలి. వాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ ప్రోస్టేటు ఉన్నవాళ్ళకు మూత్రం పూర్తిగా బిగబట్టేయగలదు. అలా వచ్చినవాళ్ళకు అర్ధరాత్రి గొట్టం వేయాల్సివచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అందరూ "ఏదో జలుబు బిళ్ళ, రెండే వేసుకున్నా" అన్నవాళ్ళే.

ఒక మందు ఇంకో మందును ఎలా తెచ్చిపెడుతుందో చూడండి. ఒక రిటైర్డు మాస్టారుకి బీపీకి అమ్లోడిపిన్ 10 ఇచ్చారు. కాళ్ళు వాచాయి, అది ఆ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితం. వాపు తగ్గడానికి నీరు తీసే మాత్ర ఇంకోచోట రాశారు. దాంతో రాత్రికి నాలుగుసార్లు లేవడం మొదలైంది. మూత్రం ఆగడం లేదంటే మూడోచోట ఆక్సీబ్యుటినిన్ ఇచ్చారు. నోరు ఎండిపోయింది, మలబద్ధకం వచ్చింది, మాట తడబడింది. మలబద్ధకానికి సిరప్ వచ్చి చేరింది. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఆయన కళ్ళు తిరుగుతున్నాయని ఐదో మందు కోసం చూస్తున్నారు. అమ్లోడిపిన్ మార్చి, మిగిలిన మూడూ ఒక్కొక్కటిగా తీసేశాం. రెండు నెలలు పట్టింది. ఏ డాక్టరూ తప్పు చేయాలని చేయలేదు. ఒకరు రాసింది ఇంకొకరికి కనిపించకపోవడమే అసలు సమస్య.

కళ్ళు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ కూడా ఇలాంటివే. నాలుగు రోజులకైతే సరే. ఒక పెద్దాయన సినరిజిన్ రెండేళ్ళుగా వాడుతున్నారు. చేతులు వణుకు, నడక చిన్న చిన్న అడుగులు. పార్కిన్‌సన్ అనుకుని దానికి లీవోడోపా కూడా మొదలుపెట్టారు. సినరిజిన్ ఆపాక నాలుగైదు నెలల్లో వణుకు చాలావరకు పోయింది, ఆ తర్వాత లీవోడోపా కూడా మెల్లగా తీసేయగలిగాం. అందరికీ ఇంత పూర్తిగా పోదు. కొందరిలో అడుగున నిజంగా పార్కిన్‌సన్ కూడా ఉంటుంది.

కంటి చుక్కల్ని కూడా లెక్కలో వేయండి. గ్లకోమాకు వేసే టిమలాల్ చుక్కలు రక్తంలోకి వెళ్ళి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అదే పని చేసే మెటోప్రొలాల్ మాత్ర కూడా వాడుతున్నవాళ్ళకు నాడి 44కు పడిపోయి కళ్ళు తిరగడం చూశాను. "మందులేం వాడుతున్నారు" అంటే చుక్కల సంగతి ఎవరూ చెప్పరు. ఆయుర్వేద చూర్ణం, మోకాళ్ళకు ఎవరో ఇచ్చిన నాటు మందు కూడా చెప్పరు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఒక సంచి తీసుకుని ఇంట్లో ఉన్న ప్రతి మందూ అందులో వేయమనండి. ఫ్రిజ్ మీదవి, దిండు కిందవి, పాతవి, సగం వాడి వదిలేసినవి, అన్నీ. ముగ్గురి చీటీలు, చివరి రక్తపరీక్షలు, బరువు కూడా. వాటితో ఒకే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "వీటన్నిటినీ మీరు చూడండి, ఇకనుంచి ఎవరు కొత్తది రాసినా మీకు చూపిస్తాం" అని చెప్పండి. వీలైతే మీరు సెలవు పెట్టి రండి, లేదా వీడియో కాల్‌లో ఉండండి.

ఆ సంచి టేబుల్ మీద గుమ్మరిస్తే ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. కత్తెరతో ముక్కలు చేసిన స్ట్రిప్పులు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న చివర ఎప్పుడో పోయి ఉంటుంది. ఒకే టెల్మిసార్టాన్ రెండు కంపెనీల పేర్లతో, రెండూ రోజూ వేసుకుంటూ ఉంటారు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యాక కొత్తవాటితో పాటు పాతవీ నడుస్తూ ఉంటాయి. అందుకే మాత్రల్ని కాదు, లోపలి మందుల్ని లెక్కపెట్టండి. మన దేశంలో ఒక్క షుగరు మాత్రలోనే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ మూడూ కలిపి వస్తాయి. సంఖ్య తగ్గుతుంది, నిజమే. కానీ కాళ్ళవాపు పయోగ్లిటజోన్ వల్ల అని తెలిసినా దాన్నొక్కదాన్నే తీయలేం. పెద్దవాళ్ళకు మోతాదులు కుదిరేదాకా నేను విడివిడిగానే రాస్తాను. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. అమ్మగారు స్ట్రిప్పు ఫొటో పంపితే మీరు పుణెలోనే స్కాన్ చేసి లోపలి మందు పేరు, గడువు తేదీ చూసుకోవచ్చు.

తగ్గించేటప్పుడు నా పద్ధతి, ఒకసారికి ఒక మందే, మధ్యలో కనీసం రెండు వారాలు. రెండు ఒకేసారి మారిస్తే మేలైనా కీడైనా దేనివల్లో తెలియదు. నిద్రమాత్రలతో పాటు మెటోప్రొలాల్, అటెనలాల్, స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు, డిప్రెషన్ మందులు, పార్కిన్‌సన్ మందులు ఒక్క రోజులో ఆపకూడదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళ రక్తం పలచబరిచే మందుల జోలికి గుండె డాక్టరును అడగకుండా అసలే వెళ్ళొద్దు.

తగ్గించడమే పనిగా పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. కొందరికి సంచి చూశాక నేను మందు కలుపుతాను. గుండె లయ తప్పి కొట్టుకుంటున్న పెద్దాయనకు, రక్తస్రావం అవుతుందన్న భయంతో రక్తం పలచబరిచే మందు ఎవరూ ఇవ్వలేదు. ఆయనకు పక్షవాతం ప్రమాదమే ఎక్కువ. స్టాప్-స్టార్ట్ జాబితాలో, మొదలుపెట్టాల్సిన మందుల్ని చెప్పే స్టార్ట్ భాగం ఉన్నది ఇలాంటివాళ్ళ కోసమే.

పొడి చేయడం గురించి. ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్ లాంటి మాత్రలు రోజంతా కొంచెం కొంచెంగా మందు వదిలేలా చేసినవి. పొడి చేస్తే రోజు మోతాదంతా ఒక్కసారే ఒంట్లో పడుతుంది. బీపీ మందుతో అలా జరిగితే మధ్యాహ్నానికి మనిషి తూలుతారు. నాన్నగారికీ అదే జరుగుతోందేమో నా అనుమానం. పాంటొప్రజోల్ లాంటి పైపొర ఉన్న మాత్రల్ని నలిపితే కడుపులో ఆమ్లానికే పాడైపోతాయి. టామ్సులోసిన్ క్యాప్సూల్ విప్పి నలపకూడదు. మామూలు మాత్రలు చాలావరకు నలపవచ్చు, కానీ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకోండి. పెద్ద మెట్‌ఫార్మిన్ 1000 బదులు మామూలు 500 రెండుసార్లు రాయించుకోవచ్చు, కొన్నిటికి సిరప్, నీటిలో కరిగే మాత్ర దొరుకుతాయి. మింగేటప్పుడు తల వెనక్కి వాల్చకూడదు, నిటారుగా కూర్చుని గడ్డం కొద్దిగా కిందికి దించి, ముందు ఒక గుక్క నీళ్ళు తాగి మింగాలి. అన్నం, నీళ్ళు కూడా పొలమారుతుంటే అది వేరే సమస్య, అదీ డాక్టరుకు చెప్పండి.

స్ట్రిప్పును ఒక్కో గడిగా కత్తిరించి పెట్టకండి. శుక్లాలున్న ఒక తాతగారు మసక వెలుతురులో ఆ ముక్కను రేకుతో సహా మింగేశారు. అంచులు గొంతులో గుచ్చుకుని ఎండోస్కోపీ చేసి తీయాల్సివచ్చింది. మింగడానికి, తెరవడానికి, చదవడానికి పెద్దవాళ్ళకు వీలుగా మందులు తయారుచేయాలని యూరప్ మందుల ఏజెన్సీ 2020లో కంపెనీలకు ఒక పత్రమే ఇచ్చింది. మన దగ్గర కూడా ఆ పట్టింపు రావాలి. గట్టి రేకులు, చీమంత అక్షరాలు, ఒకేలా ఉండే తెల్ల మాత్రలు చూస్తే నాకు బాధేస్తుంది. ఏ మందుతోనైనా హాని జరిగిందనిపిస్తే 1800 180 3024 నంబరుకు మామూలు మనుషులు కూడా చెప్పవచ్చు. మన దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే విభాగం అది.

చివరిగా, సంచిలో అమ్మగారి మందులు కూడా వేయండి. మీరు ఆవిడ గురించి ఏమీ రాయలేదు, కానీ ఆవిడకూ డెబ్భై దాటి ఉంటాయి, బహుశా బీపీ మాత్రో, థైరాయిడ్ మాత్రో ఉండే ఉంటుంది. భార్యాభర్తల మందులు ఒకే డబ్బాలో కలిసిపోయి ఒకరిది ఒకరు వేసుకోవడం నేను ఏడాదికి నాలుగైదుసార్లు చూస్తాను. ఇద్దరికీ వేరే రంగుల డబ్బాలు కొని, మూత మీద పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. కళ్ళద్దాలు లేకుండా చదవగలుగుతున్నారో లేదో ఆవిడ చేత ఒకసారి చదివించి చూడండి.